తారీఖు వేయని గీత

ఒక దవాఖాన గోడ మీద నేను సుద్దముక్కతో గీత పెట్టాను. అది నా ఉద్యోగం కాదు. నా ఉద్యోగం భూమి లోపల. గోదావరిఖని దగ్గర ఒక బొగ్గుబాయిలో సర్దారుగా పనిచేశాను. పాతిక మంది పనివాళ్లకు ముందు నడిచి, వాళ్లు పనిచేయబోయే జాగా పదిలంగా ఉందో లేదో చూడటం, పదిలంగా లేకపోతే అడుగు పెట్టనివ్వకపోవడం, ఇదే నా పని. దవాఖాన సంగతి చూడమని నాకు ఎవరూ అప్పజెప్పలేదు, ఒక్క మనిషి తప్ప.

ఇప్పుడు మీరు దవాఖానకు పోవాలంటే ముందు ఫోను తీసి దానికి జనం ఇచ్చిన చుక్కలు లెక్కపెడతారు. మొన్న మా చెల్లెలి మనవరాలు నా మోకాలి కోసం అట్లాగే లెక్కపెట్టి, "తాతా, దీనికి నాలుగున్నర ఉన్నయి, గిక్కడికే పోదాం" అంది. "ఆ చుక్కలు ఎప్పుడు పెట్టిన్రో రాసుందా బిడ్డా?" అని అడిగాను. దానికి నవ్వొచ్చింది. ముసలాయనకు చాదస్తం అనుకుంది. చాదస్తమే, కాదనను. అది నాకు ఎక్కడ అంటుకుందో మాత్రం ఆ పిల్లకు చెప్పలేదు. మీకు చెబుతాను.

అరవైల చివరి మాట. అప్పటికి మా బాయిలు కొత్తవి. బాయిలో పద్ధతి ఏమిటంటే, షిఫ్టు వాళ్లు దిగక ముందే సర్దారు ఒంటరిగా పని జాగాకు పోవాలి. చేతిలో పొడుగాటి కర్ర, గ్యాసు చూసే దీపం, జేబులో సుద్దముక్క. కర్రతో పైకప్పును కొడితే, గట్టిగా ఉన్న కప్పు కంగుమంటుంది. పొర విడిపోయిన కప్పు డొల్లగా పలుకుతుంది. గాలి ఆడుతున్నదా, కప్పు కింద పెట్టిన కొయ్య దుంగలు నిలబడే ఉన్నాయా, ఏమన్నా అయితే వెనక్కి ఉరకడానికి దారి ఉందా, ఇవన్నీ చూసుకొని, అంతా బాగుంటే పక్క గోడ మీద సుద్దతో తన గుర్తు, దాని పక్కన ఆ రోజు తారీఖు వేయాలి.

నా గుర్తు ఒక సున్నా, దాని కింద ఒక గీత. చదువు రానివాళ్లు కూడా అది చూసి, "సర్దార్ సాబ్ గీత పెట్టిండు, నడువున్రి" అనుకుంటూ వచ్చేవాళ్లు. గీత లేకపోతే మేనేజరు వచ్చి బతిమాలినా కదిలేవాళ్లు కాదు. తారీఖు పాతదైనా కదిలేవాళ్లు కాదు. బొగ్గు పేల్చిన తర్వాత మళ్లీ చూడాలి. షిఫ్టు మారితే మళ్లీ చూడాలి. కొత్తగా చేరినవాళ్లకు నేను గొంతు చించుకొని చెప్పే మాట ఒకటే. "నిన్నటి గీత ఇయ్యాల్టికి పనికిరాదు." ఆ మాట ఎన్నిసార్లు అన్నానంటే, నేను వస్తుంటే వెనక నుంచి నా గొంతు అనుకరించి అదే మాట అని నవ్వుకునేవాళ్లు.

ఆ పాతిక మందిలో ఒకాయన టింబర్‌మన్. అంటే కప్పు కింద దుంగలు నిలబెట్టే మనిషి. నాకంటే పన్నెండేళ్లు పెద్ద. చిన్నప్పుడు తట్టు పోసి కుడి చెవి పూర్తిగా పోయింది. మిగిలింది ఎడమ చెవి ఒక్కటే. ఆ ఒక్క చెవి మా పాతిక మంది చెవులకు సమానం. నేను కర్రతో కొట్టి బాగుందనుకున్న చోట కూడా ఆయన తల ఒక పక్కకు వంచి, "ఇంకోపాలి కొట్టు, సర్దార్ సాబ్" అనేవాడు. తాను కొట్టేటప్పుడైతే రెండో చేతి వేళ్లు కప్పుకు ఆనించి, కళ్లు మూసుకునేవాడు.

ఒకనాడు నేను గీత పెట్టిన జాగాలోనే ఆయన దుంగ కింద పడేసి, "ఇది నాకు నచ్చుతలేదు. అందరం బయట కూసోని బువ్వ తిందాం, తర్వాత చూద్దాం" అన్నాడు. తిండి వేళ కాలేదని నేను విసుక్కున్నాను. అయినా ఆయన మాట కాబట్టి అందరూ డబ్బాలు విప్పారు. నేను రెండో ముద్ద నోట్లో పెట్టుకునేసరికి లోపల ఆ కప్పంతా కూలింది. దుమ్ము వచ్చి మా అన్నంలో పడింది. ఆయన తన డబ్బాలో పైపైన దుమ్ము పడిన అన్నం తీసేసి మిగిలింది తిన్నాడు.

బాయిలో నన్ను సర్దార్ సాబ్ అనేవాడు. పైకి వచ్చి స్నానం చేశామంటే తమ్మీ అనేవాడు. నేను ఎక్కడైనా అన్నా అనే అనేవాణ్ని. కంపెనీ క్వార్టర్లలో మావి పక్కపక్క గదులు. ఆయన భార్య చనిపోయింది, ఒక్కగానొక్క బిడ్డను మంచిర్యాల దగ్గరి జైపూర్ దిక్కు ఒక పల్లెకు ఇచ్చాడు. నా భార్య తొలి కాన్పులో, పెద్దపల్లి అవతల మా ఊళ్లో పోయింది. బండి కట్టి, పెద్దపల్లికి తీసుకుపోదామా కరీంనగర్‌కు తీసుకుపోదామా అని మగవాళ్లం వాకిట్లో నిలబడి తేల్చుకుంటుండగానే పోయింది. నేను అప్పుడు ఏ దవాఖానా చూసి ఎరగను. అందుకే ఎవరేం చెబితే అదే నిజమనిపించింది. ఆ తర్వాత నేను మళ్లీ పెళ్లి చేసుకోలేదు.

ఇద్దరం ఒకే పొయ్యి మీద వండుకునేవాళ్లం. మాటలు తక్కువ. ఆయన ఎడమ చెవి నా వైపు ఉండేటట్టు కూర్చునేవాడు. అంతే మా స్నేహం.

ఆ వానాకాలం ఆయన ఎడమ చెవిలోంచి చీము కారడం మొదలైంది. మొదట వేడినూనె పోసుకున్నాడు, తర్వాత ఎవరో చెప్పిన ఆకు పసరు. చెవి వెనక వాచి ముట్టుకోనివ్వకపోయేసరికి మా కంపెనీ డాక్టరు దగ్గరకు నేనే పట్టుకుపోయాను. డాక్టరు లోపల దీపం వేసి చూసి, చేతులు కడుక్కొని కూర్చున్నాడు.

"లోపల ఎముక దాకా పోయింది. ఆపరేషన్ చేయాలి. ఆలస్యం చేస్తే మెదడుకు పాకుతుంది" అన్నాడు. "ఇక్కడ చేసేవాళ్లు లేరు. మూడు చోట్లకు రాసివ్వగలను. మన కంపెనీ పెద్ద దవాఖాన, పట్నంలో సర్కారు దవాఖాన, లేకపోతే ఫలానా ఊళ్లో మిషన్ దవాఖాన. ఎక్కడికి పోతావో నువ్వే చెప్పు."

"నేను చెప్పుడేంది, సార్?" అన్నాడు ఆయన. "సర్దార్ సాబ్ వొయ్యి చూసొచ్చి గీత పెట్టాలె. అప్పుడు వోత."

డాక్టరు నవ్వాడు. "దవాఖాన బాయి కాదయ్యా."

"నాకున్నది ఒక్క చెవే గద, సార్. ఇది కూలితె నాకు ఉరకనీకి ఇంకో దారి లేదు."

డాక్టరు నవ్వడం మానేశాడు. రెండు వారాలు గడువిచ్చి, అప్పటి దాకా వేసుకోవడానికి మందిచ్చాడు. ఆ సాయంత్రం పొయ్యి దగ్గర ఆయన తనంతట తానే మళ్లీ ఆ మాట ఎత్తాడు. "చెవి పోతె బాయి పోతది తమ్మీ. పోతె పోనీ, పైన ఏదో ఒక పనిస్తరు. గాని ఒక్కన్ని పండుకున్నప్పుడు ఏదో ఒక చప్పుడుండాలె గద. కుక్క మొరిగినా, సైరన్ కూసినా. ఏ చప్పుడు లేకపోతె ఎట్లుంటదో ఏమో."

నేను వారం రోజులు సెలవు పెట్టి బయలుదేరాను. నవ్వకండి, కర్ర కూడా పట్టుకుపోయాను.

కంపెనీ పెద్ద దవాఖానలో అన్నీ ఉన్నాయి, చెవి డాక్టరు తప్ప. ఆయన బయటి నుంచి నెలకోసారి వస్తాడట. ఏ రోజు వస్తాడని కంపౌండరును అడిగితే, "వచ్చిన్నాడు వస్తడు" అన్నాడు. అక్కడ గోడ కొట్టి చూడాల్సిన పని కూడా పడలేదు.

పట్నంలో సర్కారు దవాఖాన చూస్తే నాకు కళ్లు తిరిగాయి. వరండాల నిండా మనుషులు, మూటలు, ఇటుకల పొయ్యిలు. నేను అలవాటు కొద్దీ ఒక గోడను కర్రతో తట్టి చెవి పెట్టాను. కాపలా ఆయన వచ్చి, "ఏందన్నా, కొనేటట్టున్నవా?" అన్నాడు. లోపల మా పెద్దపల్లి దిక్కు మనిషి ఒకాయన వార్డులో పనిచేస్తున్నాడు. మా మనిషికి ఎవరు ఆపరేషన్ చేస్తారని ఆయన్ని అడిగాను.

"గది గిప్పుడెట్ల చెప్త?" అన్నాడు. "ఆనాడు ఎవల డ్యూటీ ఉంటె వాళ్లు. ఇయ్యాల పెద్దసారున్నడు. రేపు ఇంకో సారు. పేషెంటును తెచ్చే ముందు రోజు వచ్చి నన్నడుగు, అప్పుడు చెప్త. అన్ని దవాఖానలల్ల అంతే."

నాకు ఆ జవాబు నచ్చలేదు. ఎవరు కోస్తారో కూడా తెలియని చోట చెవి అప్పజెబుతారా అనుకున్నాను. ఆ మూడు దవాఖానల్లో నాకు నిజం చెప్పిన మనిషి ఆయనొక్కడే.

మిషన్ దవాఖానకు పోవడానికి రైల్లో సగం రోజు పట్టింది. సున్నం వేసిన గోడలు, వేపచెట్ల కింద బెంచీలు, గట్టిగా మాట్లాడే మనిషి లేడు. పైన పటారం లోన లొటారం కావచ్చని నేను అంత తొందరగా లొంగలేదు. వంటశాలకు పోయి రోగులకు పెట్టే అన్నం తిని చూశాను. ఊడ్చే ఆమెను పక్కకు పిలిచి, రోగులకు విప్పిన పాత కట్లు ఏం చేస్తారని అడిగాను. పొయ్యిలో వేసి కాలుస్తామంది. నీళ్ల కుండ మూత ఎత్తి చూశాను. చివరికి, చెవి ఆపరేషన్ అయినవాళ్లు ముగ్గురు బెంచీ మీద కూర్చుని ఉంటే, ఒక్కొక్కరి వెనక నిలబడి మెల్లగా "అన్నా" అని పిలిచాను. ముగ్గురూ తిరిగి చూశారు.

అక్కడి పెద్ద డాక్టరు తల నెరిసిన మనిషి. నేను రోగిని కాదని తెలిసి కూడా కూర్చోబెట్టి మాట్లాడాడు. ఆయన చేతుల వైపే చూస్తున్నానని కనిపెట్టి, రెండు చేతులూ బల్ల మీద చాచి పెట్టాడు. ఒక్క వేలు కూడా వణకలేదు.

మా కంపెనీ డాక్టరు రాసిచ్చిన కాగితం చదివి, "నేనే చేస్తాను" అన్నాడు. "ఈ మందు వేయిస్తే మూడు వారాల దాకా భయం లేదు. చీము తగ్గాక తీసుకురండి. కాస్తో కూస్తో వినికిడి నిలబెట్టడానికే చూస్తాను."

ఇంకేం కావాలి? వచ్చేటప్పుడు గేటు పక్కన, చూరు కింద వాన పడని చోట, జేబులోంచి సుద్దముక్క తీసి సున్నా చుట్టి కింద గీత గీశాను. ఊరికే, సంతోషం పట్టలేక చేసిన పని. తారీఖు వేయబోయి ఆగాను. ఇదేమన్నా బాయా, రోజూ మారడానికి, అనుకున్నాను. సుద్దముక్క జేబులో వేసుకొని రైలుకు పోయాను.

తిరిగొచ్చి చెబితే ఆయన అన్నీ విన్నాడు. అన్నం సంగతి, కట్ల సంగతి, ముగ్గురు తిరిగి చూసిన సంగతి రెండుసార్లు చెప్పించుకున్నాడు. గీత పెట్టానంటే చాలాసేపు నవ్వాడు. ఆ మూడు వారాలూ బిడ్డ దగ్గర ఉండి, అక్కడి నుంచే మంచిర్యాలలో రైలెక్కుతానన్నాడు.

"నాకు వీలైతే నువ్వు పోయే ముందు ఇంకోపాలి చూసొస్త" అన్నాను.

"చూడు తమ్మీ. నువ్వు చూస్తె నాకు ఫికర్ లేదు."

వీలు కాలేదు. ఆ నెల బొగ్గు తక్కువ పడిందని అందరి సెలవులూ రద్దు చేశారు. ఒక్క రోజు కావాలని నా పై అధికారి ఓవర్‌మన్‌ను అడగబోయాను. ఆయన నా మొహం చూసే, "ఈ నెల ఏమడగకు, సర్దార్. బాయిల దిగు" అన్నాడు. నేను అడగలేదు. అడిగితే ఇచ్చేవాడేమో. అడగకపోవడానికి అసలు కారణం ఓవర్‌మన్ కాదు. చూసొచ్చాను కదా, పెద్ద డాక్టరు మాటిచ్చాడు కదా అన్న ధీమా. ఒక ఉత్తరం ముక్క రాసినా తెలిసేది. అదీ రాయలేదు. ఆయన ఆ దవాఖానకు పోయిన రోజు నేను బాయిలో మూడుసార్లు కప్పు తట్టి, మూడుసార్లూ తారీఖు వేశాను. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టని మా అమ్మ అనేది. అది నా గురించే అనిపిస్తుంది.

కొన్ని వారాలకు ఆయన అల్లుడి దగ్గర నుంచి కార్డు వచ్చింది. ఆపరేషన్ అయింది, ప్రాణానికి భయం లేదు, ఫలానా రోజు మధ్యాహ్నం బండికి రామగుండంలో దిగుతాడని. నేను స్టేషనుకు పోయాను. ఆయన మూట భుజాన వేసుకొని దిగాడు. తలకు కట్టు, కట్టు మీద తువ్వాల. నాకు వీపు పెట్టి జనంలో వెతుకుతున్నాడు.

"అన్నా" అని పిలిచాను.

ఆయన అటే చూస్తున్నాడు. ఇంకొంచెం గట్టిగా పిలిచాను. ఇంజను చప్పుడని నాకు నేను చెప్పుకున్నాను. అప్పటికి ఇంజను కదిలి పోయింది. దగ్గరకు పోయి భుజం మీద చేయి వేశాను. ఉలిక్కిపడి తిరిగాడు. నన్ను చూసి మొహం విప్పారింది. ఏదో అన్నాను, నా పెదాల వైపు చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఇనవడుతలేదు, సర్దార్ సాబ్" అన్నాడు. భూమి మీద ఆయన నన్ను సర్దార్ సాబ్ అని పిలవడం అదే మొదటిసారి.

తన గొంతు తనకు వినపడక గట్టిగా మాట్లాడుతున్నాడు. ప్లాట్‌ఫారం మీద జనం తిరిగి చూస్తున్నారు. "పెద్ద డాక్టర్ లేడక్కడ. బదిలీ మీద ఏడికో వోయిండట. చిన్న డాక్టరున్నడు. నాకు మనసొప్పలే. మూట పట్టుకొని వాపస్ గేటు దాంక వచ్చిన. గోడ మీద నీ గీత కనవడ్డది. తారీకు లేదు. నువ్వు మల్లొచ్చినవనుకున్న. గీ చిన్న డాక్టర్‌ను గూడ చూసి పెట్టినవనుకున్న. లోపలికి వోయిన."

అందులో నిష్ఠూరం లేదు. బాయిలో ఎక్కడ ఏం కూలిందో సర్దారుకు చెప్పినట్టే, జరిగింది జరిగినట్టు చెప్పాడు. నేను తప్పు చేశానని చెప్పడానికి నోరు తెరిచాను. వినపడదు కదా అని మూసుకున్నాను. నిజం చెప్పాలంటే, వినపడదని నాకు అప్పుడు కొంత నెమ్మది కూడా కలిగింది. అది తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

చదువు రాకపోయినా ఆయనకు అంకెలు వచ్చు. బాయిలో అందరికీ అంకెలు వచ్చు, తారీఖు చదవాలి కాబట్టి. గోడ మీద నేను తారీఖు వేసి ఉంటే, అది పాతదని చూసి తిరిగి వచ్చేసేవాడు.

ఆ చిన్న డాక్టరు ఏమీ పాపం చేయలేదు. చీమునంతా తీసి ప్రాణం నిలబెట్టాడు. ఆయన స్థానంలో పెద్దాయన ఉంటే వినికిడి నిలిచేదా అని మా కంపెనీ డాక్టరును అడిగాను. కాగితాలు తిప్పి తిప్పి చూసి, "ఎవరు చేసినా ఇంతేనేమో. చెప్పలేం" అన్నాడు. నాకు కొంత ఓదార్పుగా ఉంటుందని అన్నట్టున్నాడు. అవును అన్నా బాగుండేది, కాదు అన్నా బాగుండేది. చెప్పలేం అన్నదాన్ని ఏం చేసుకోవాలో నాకు తెలియలేదు.

బాయి పనికి ఆయన పనికిరాడని రాసి, పైన దీపాల గదిలో వేశారు. పనివాళ్లు దిగేముందు కిటికీలోంచి తమ నంబరున్న ఇత్తడి బిళ్ల ఇస్తే, ఆ నంబరు దీపం కొక్కెం మీద నుంచి తీసి ఇవ్వాలి. వినాల్సిన పనేమీ లేదు. మొదట్లో అందరూ ఆయన్ని పలకరించేవాళ్లు. చెవి దగ్గర నోరు పెట్టి అరిచేవాళ్లు, సైగలు చేసేవాళ్లు. రానురాను బిళ్ల ఇవ్వడం, దీపం తీసుకోవడం మాత్రమే మిగిలింది. అక్కడ రెండు కిటికీలుండేవి. నేను ఆయన లేని కిటికీలోనే బిళ్ల ఇచ్చేవాణ్ని, వరస ఎంత పొడుగున్నా సరే.

పొయ్యి దగ్గర ఇంకా కష్టంగా ఉండేది. ఆయన అలవాటు కొద్దీ ఎడమ వైపు నా దిక్కు పెట్టే కూర్చునేవాడు. ఇద్దరం గోడ చూస్తూ తినేవాళ్లం. ఒకసారి సైరన్ కూస్తుంటే నేను తల ఎత్తాను. ఆయన నన్ను చూసి, "కూసిందా?" అని అడిగాడు. తల ఊపాను. తానూ తల ఊపి అన్నం కలుపుకున్నాడు. మరుసటి ఏడు నేను వేరే లైనుకు క్వార్టరు మార్పించుకున్నాను. నల్లా దగ్గరగా ఉంటుందని అందరికీ చెప్పాను. ఆయన నా మంచం ఒక పక్క పట్టుకొని కొత్త గది దాకా మోసుకొచ్చాడు. కారణం అడగలేదు.

ఆ కొత్త గదిలో నల్లా దగ్గరే ఉండేది. నీళ్లు తప్ప నాకు ఇంకేమీ దగ్గర కాలేదు.

అట్లా నాలుగైదేళ్లు గడిచాయి. డెబ్బైల నడుమ నాకు గజ్జల దగ్గర ఉబ్బు వచ్చింది. హెర్నియా, కోయాలన్నారు. చిన్న ఆపరేషనే, మా కంపెనీ పెద్ద దవాఖానలోనే చేస్తారు. ఈసారి చూసి రావడానికి ఎవరూ లేరు, ఎవరినీ అడగలేదు. చెల్లెలికి కూడా రాయకుండా సంచిలో రెండు జతల బట్టలు పెట్టుకొని పోయి చేరాను. నర్సు "మీతో ఎవరొచ్చారు?" అని అడిగితే, వెనక వస్తున్నారని అబద్ధం చెప్పాను.

మర్నాడు ఆపరేషన్ అనగా ఆ మధ్యాహ్నం వార్డు గోడ మీద టక్ టక్ అని చప్పుడైంది. తల తిప్పి చూస్తే ఆయన. చేతిలో కర్ర, రెండో చేతి వేళ్లు గోడకు ఆనించి ఉన్నాయి, కళ్లు మూసుకున్నాడు. చెవి పోయినా వేళ్లున్నాయి. నా దీపం రెండు రోజులుగా కొక్కెం మీదే ఉందట. హాజరు వేసే టైంకీపర్ దగ్గరకు పోయి నా నంబరు చూపించి అడిగితే దవాఖానని సైగ చేశాడట. వారం రోజులు సెలవు పెట్టి వచ్చాడు.

ముందు వార్డంతా తిరిగాడు. కిటికీ రెక్కలు తీసి వేసి చూశాడు. నీళ్ల కుండలో చూశాడు. డాక్టరు రౌండుకు రాగానే ఎదురుపోయి నిలబడి, వేలితో డాక్టరును చూపించాడు, నన్ను చూపించాడు, గోడ మీద క్యాలెండరులో రేపటి తారీఖు చూపించాడు. నువ్వేనా, ఈయనకేనా, రేపేనా అని. డాక్టరుకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వకుండా, గుండె మీద చేయి పెట్టుకొని తల ఊపాడు. అప్పుడు ఆయన జేబులోంచి సుద్దముక్క తీసి, నా మంచం పక్క గోడ మీద సున్నా చుట్టి, కింద గీత గీసి, పక్కన క్యాలెండరు చూసి తారీఖు వేశాడు. అది నా గుర్తు. ఆయన చేత్తో వంకరగా పడింది.

ఆపరేషన్ రోజు పొద్దున మళ్లీ వచ్చాడు. మళ్లీ డాక్టరును చూసుకున్నాడు. మళ్లీ గీత, కొత్త తారీఖు. ఎక్కడ పడుకునేవాడో, ఏం తినేవాడో నాకు తెలియదు. రోజూ పొద్దున తలుపులు తీయగానే వచ్చేవాడు. గోడ తట్టేవాడు, నా నుదురు ముట్టుకునేవాడు, కట్టు వైపు చూసేవాడు, గీత పెట్టేవాడు. నర్సు తడిగుడ్డతో తుడిచేసేది.

"ఏం మనిషండీ ఈయన! ఎన్నిసార్లు చెప్పినా వినడు" అంది నాతో.

"వినపడదమ్మా" అన్నాను.

ఏడో రోజు కుట్లు విప్పారు. ఆయన సెలవు కూడా ఆ రోజుతో అయిపోయింది. మూట భుజాన వేసుకొని, చివరి గీత పెట్టి నా వైపు చూశాడు. నేను వేలితో గోడ చూపించి, రోజూ ఎందుకన్నట్టు చేయి తిప్పాను. ఇన్నేళ్లలో ఆయన్ని నేను అడిగిన మొదటి ప్రశ్న అది.

"నిన్నటి గీత ఇయ్యాల్టికి పనికిరాదు, తమ్మీ" అన్నాడు.

వార్డంతా వినపడేటట్టు అన్నాడు. రోగులు కొందరు నవ్వారు. ఎత్తిపొడుపు ఏమన్నా ఉందేమోనని ఆయన మొహంలో వెతికాను. లేదు. నేను నేర్పిన మాట నాకు చెప్పాడు, అంతే. ఇన్నేళ్లకు మళ్లీ తమ్మీ అన్నాడు. నాకు దుఃఖం ఆగలేదు. ఆయన నా చేయి ఒకసారి నొక్కి, కర్ర తీసుకొని నడిచాడు.

ఆయన తలుపు దగ్గరకు పోయాక నాకు మాట వచ్చింది. ఏడు రోజులు ఎదురుగా ఉన్నా, అంతకు ముందు ఒకే పొయ్యి దగ్గర కూర్చున్నా, స్టేషనులో భుజం మీద చేయి వేసినా నోటికి రాని మాట. "అన్నా, ఆ దవాఖానకు నేను మళ్లీ వోలే అన్నా. తప్పు నాదే" అన్నాను. కుట్లు లాగుతున్నా లేచి కూర్చొని, "అన్నా" అని గట్టిగా పిలిచాను.

వార్డులో ఉన్న వాళ్లంతా తిరిగి చూశారు. ఆయన తలుపు దాటి పోయాడు.

పక్క మంచం ఆయన, "ఉరికి పిలువాల్నా?" అన్నాడు.

వద్దన్నాను.